చిన్న ఊళ్ళు, పెద్ద బరువులు: అంతర్జాతీయ క్రీడల్లో కోస్తా పల్లెల చరిత్ర

గూడూరు జంక్షన్‌లో విజయవాడ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కితే నెల్లూరు, బిట్రగుంట, కావలి, ఒంగోలు, చీరాల దాటాక ఒక చిన్న స్టేషను వస్తుంది. దాని పేరు స్టువర్టుపురం. బండి ఆ ఊరి దగ్గరికి రాగానే ప్రయాణికులు సామాన్లు దగ్గరికి లాక్కునే రోజులుండేవి. 2018 ఏప్రిల్ 7న ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో ఆ ఊరి కుర్రాడు రాగాల వెంకట రాహుల్ కామన్వెల్త్ క్రీడల బంగారు పతకం అందుకున్నాడు.

కామన్వెల్త్ క్రీడల్లో దేశాలే కాదు, దేశం కాని చిన్న చిన్న ప్రాంతాలు కూడా సొంత జెండాతో నడుస్తాయి. జెర్సీ, గెర్న్సీ, నార్‌ఫోక్ దీవి అలాంటివే. వాటి క్రీడాచరిత్ర రాయడం తేలిక, ఎందుకంటే ఫలితాల పట్టికలో వాటి పేరు ఉంటుంది. తెలుగు పల్లెకు ఆ వీలు లేదు. అక్కడి మనిషి గెలిస్తే పట్టికలో భారతదేశం అని పడుతుంది, ఊరి పేరు పడదు. అయినా కోస్తాలో కొన్ని ఊళ్ళకు అంతర్జాతీయ క్రీడల్లో తమదైన చరిత్ర ఉంది. ఆ చరిత్ర దాదాపు అంతా ఒకే ఆటది: వెయిట్‌లిఫ్టింగ్.

ఆ ఆటే ఎందుకో పసిఫిక్ సముద్రంలోని నౌరూను చూస్తే తెలుస్తుంది. దాని వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 12 వేలు. 1990లో ఆక్లండ్ కామన్వెల్త్ క్రీడలకు తొలిసారి వచ్చిన ఆ దీవికి మార్కస్ స్టీఫెన్, కడ్డీని నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో బంగారం తెచ్చాడు. ఆ కాలంలో స్నాచ్‌కు, భుజాల దగ్గర ఆపి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌కు, రెండూ కలిపిన మొత్తానికి వేర్వేరు పతకాలు ఇచ్చేవారు. అలా 2002 నాటికి అతని ఖాతాలో 7 స్వర్ణాలు, 5 రజతాలు చేరాయి. తర్వాత అతను ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు.

ఫుట్‌బాల్‌కు పదకొండు మంది కావాలి, మైదానం కావాలి. బరువులెత్తడానికి 20 కిలోల ఇనుప కడ్డీ, పళ్ళేలు, నాలుగు మీటర్ల చదరపు చెక్క వేదిక చాలు. పైగా 60 కిలోల మనిషికి అదే తూకం మనిషితోనే పోటీ. ఊళ్ళో నేర్పేవాడు ఒక్కడున్నా పిల్లలు తయారవుతారు.

మన వైపు దీనికి మరో వేరు కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సంగిడి రాయి ఎత్తే పోటీలు ఊరి పండగల్లో భాగం. ఆ రాయి ఎత్తిన చేతికి కడ్డీ కొత్త కాదు. ఆ శ్రీకాకుళం జిల్లాలోనే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరి, ఆమె అక్కచెల్లెళ్ళు కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర సాధన మొదలుపెట్టారు. మల్లీశ్వరి 1994, 1995 ప్రపంచ పోటీల్లో విజేత. 2000 సిడ్నీలో ఒలింపిక్స్ మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు తొలిసారి చోటిచ్చింది. సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమే. స్వర్ణం 242.5కే దక్కింది. చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5 కిలోలకు వెళ్ళింది. ఆ కడ్డీ తలపైన నిలిచి ఉంటే స్వర్ణం ఊసవానిపేటదే.

స్టువర్టుపురం కథ వేరు, ఇంకా బరువైనది. క్రైస్తవ సేవాసంస్థ సాల్వేషన్ ఆర్మీ 1913లో ఎరుకల కుటుంబాల కోసం ఈ సెటిల్‌మెంటు పెట్టింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరే దీనికి పెట్టారు. నేరస్త తెగల చట్టం కింద ఇక్కడివాళ్ళు హాజరు వేయించుకోవాల్సి వచ్చేది, ఊరు దాటాలంటే పాసు ఉండాల్సి వచ్చేది. చీరాల పొగాకు ఫ్యాక్టరీలో చాలామంది కూలికి వెళ్ళారు.  1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయినా ఊరి పేరుకు పట్టిన దొంగల ఊరన్న మచ్చ పోలేదు. పుట్టుకనే నేరంగా రాసిన చట్టం అది. ఆ అన్యాయం చెప్పకుండా ఈ ఊరి పతకం విలువ చెప్పలేం.

రాహుల్ 2014 నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో రజతం సాధించాడు. నాలుగేళ్ళకు గోల్డ్‌కోస్ట్‌లో 85 కిలోల విభాగంలో అతనికి ఎదురు నిలిచినవాడు మరో చిన్న దీవుల దేశం సమోవాకు చెందిన డాన్ ఒపెలోగే. స్నాచ్‌లో ఇద్దరూ 151 దగ్గర ఆగారు. సగం పోటీ అయ్యేసరికి ఇద్దరి మధ్య కిలో తేడా కూడా లేదు. క్లీన్ అండ్ జెర్క్‌లో ఒపెలోగే 180 ఎత్తితే, రాహుల్ 187 ఎత్తాడు. కడ్డీని భుజాల మీదికి తెచ్చుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క విసురులో తలపైకి లేపి, దించమని న్యాయనిర్ణేతల సంకేతం వచ్చేదాకా కదలకుండా నిలబడాలి. మొత్తం 338 కిలోలు, ప్రత్యర్థి 331. ఆ ఏడు కిలోల తేడాతో ఒకప్పుడు పోలీసు హాజరు పట్టీల్లో నలిగిన ఊరి పేరు దినపత్రికల క్రీడల పేజీకి ఎక్కింది.

విజయనగరం జిల్లా కొండవెలగాడది మరో అధ్యాయం. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తి మూడో స్థానంలో నిలిచింది. మొదట వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరకడంతో పట్టిక మారింది. సంతోషికి రజతం వచ్చింది. స్వర్ణం పాపువా న్యూగినీ లిఫ్టర్ డికా తువాకు వెళ్ళింది. డికాది పోర్ట్ మోర్స్‌బీ ఒడ్డున, నీళ్ళలో గుంజల మీద ఇళ్ళు కట్టుకున్న హనువాబాద అనే పల్లె. సవరించిన ఆ పట్టికలో మొదటి రెండు వరుసలు పాపువా న్యూగినీ, భారతదేశం అని ఉంటాయి. గెలిచింది మాత్రం హనువాబాద, కొండవెలగాడ.