రేడియో కారు – పుట్టుపూర్వోత్తరాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, డి.ఏ. బకాయిల గురించో హెల్త్ కార్డుల గురించో రాస్తాననుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది ఒక బొమ్మ కారు గురించి. డెబ్భై అయిదేళ్ళ వయసులో ఇదేం పిల్లచేష్ట అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఆ కార్యక్రమం ఇదివరకే పూర్తయింది.

బొమ్మ అన్నాను గాని ఆ మాట పూర్తిగా సరికాదు. బజారులో దొరికే రిమోట్ కారు వేరు, అభిరుచిగా నడిపే రేడియో కారు వేరు. మొదటిదాన్ని విప్పి చూస్తే ఒకటే సర్క్యూట్ బోర్డు, అన్నీ దానికే టంకం పెట్టి ఉంటాయి. ఒకటి పోతే అన్నీ పోయినట్లే. రెండోది సైకిలు వంటిది. గేరు పళ్ళు అరిగితే ఆ గేరు, బేరింగు పోతే ఆ బేరింగు మార్చుకోవచ్చు. ప్రతి భాగానికీ ఒక నంబరు ఉంటుంది. ఈ అభిరుచి మొదలుపెట్టదలచినవారు ముందు తెలుసుకోవలసినది ఈ తేడాయే. నాకిది తెలియడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది.

1986 వేసవిలో మా బావమరిది అమెరికా నుంచి సెలవుకు వచ్చాడు. అప్పుడు మేము కాకినాడలో అద్దె ఇంట్లో ఉన్నాం. మా అబ్బాయికి పదేళ్ళు. వాడి కోసం రెండు పెట్టెలు తెచ్చాడు. ఒకదాని మూత మీద తెల్లటి కారు బొమ్మ, వెనక ముళ్ళ టైర్లు, "గ్రాస్‌హాపర్" అని పేరు. లోపల కారు లేదు, కారు ముక్కలున్నాయి. రెండో పెట్టెలో దాన్ని నడిపే ట్రాన్స్‌మిటర్, రిసీవర్, బ్యాటరీ, చార్జరు. "బావగారూ, మీరూ వాడూ కూర్చుని బిగించండి" అని చెప్పి వెళ్ళాడు.

ట్రాన్స్‌మిటర్ అన్న మాట దగ్గర నాకు భయం పట్టుకుంది. మనలో చాలామంది రేడియో వినడానికే పోస్టాఫీసులో లైసెన్సు కట్టినవాళ్ళం. ఇది వినేది కాదు, పంపేది. మా ఆఫీసులో ఒక పెద్దాయన "గవర్నమెంటు నౌకరివి, ఆలోచించుకో" అన్నాడు. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తీసి చదివాను. అనుమతి లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకుంటే మూడేళ్ళ వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నా ప్రమోషన్ ఫైలు అప్పుడు కదులుతోంది. రెండు పెట్టెలూ కలిపి ఆఫీసు ఎర్ర నాడాతో కట్టి అటక ఎక్కించాను. అబ్బాయితో "లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను, రాగానే బిగిద్దాం" అని చెప్పాను.

దరఖాస్తు పెట్టలేదు.

వాడు ప్రతి సెలవులకూ "నాన్నగారూ, వచ్చిందా?" అని అడిగేవాడు. పదో తరగతికి వచ్చాక అడగడం మానేశాడు. పెట్టె మాత్రం మూడు బదిలీల్లోనూ మాతోనే తిరిగింది. 2024లో ఇంటికి సున్నం వేయించేటప్పుడు అటక దించితే బయటపడింది. మా మనవడు మూత చూసి "తాతయ్యా, ఇది ఇప్పటికీ అమ్ముతున్నారు" అన్నాడు. నేను నమ్మలేదు. అప్పటి నుంచి దీని చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

తీగ లేకుండా దూరాన ఉన్న వస్తువును పని చేయించడం మన దేశానికి కొత్త కాదు. 1895లో జగదీశ్‌చంద్ర బోస్ కలకత్తా టౌన్ హాలులో గోడల అవతల ఉన్న గంటను రేడియో తరంగాలతో మోగించారు, తుపాకి మందును పేల్చారు. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికొలా టెస్లా ఒక చిన్న పడవను రేడియోతో తిప్పి చూపించాడు. దానికి ఆ ఏడాది నవంబరు 8న పేటెంటు వచ్చింది. దాని నంబరు 613809. (నంబర్లు గుర్తుండటం వృత్తిదోషం.)

పడవ తరువాత విమానం, ఆ తరువాతే కారు. కారు ఎందుకు వెనకబడింది? ఆకాశంలోనూ చెరువులోనూ అడ్డు తక్కువ. చుక్కాని పూర్తిగా ఎడమకో పూర్తిగా కుడికో తిరిగినా పని జరిగిపోయేది. కారుకు కొంచెం తిప్పితే కొంచెమే తిరగాలి, లేకపోతే గోడకు కొట్టుకుంటుంది. ఆ పని చేసేది సర్వో అనే చిన్న పెట్టె. అందులో ఒక మోటారు, నాలుగు గేర్లు, తాను ఎంత తిరిగిందో తనకే తెలిపే ఒక పరికరం ఉంటాయి. సెకనుకు సుమారు యాభై సార్లు దానికి ఆజ్ఞ అందుతుంది. ఆ విద్యుత్ స్పందన నిడివి సెకనులో వెయ్యోవంతు ఉంటే ఒక వైపు, రెండు వంతులుంటే రెండో వైపు, ఒకటిన్నర ఉంటే నిటారుగా. ఇంత పనిని చిన్న కారులో ఇమడ్చడం ట్రాన్సిస్టర్లు చవకైన తరువాతే సాధ్యపడింది.

1966లో ఇటలీలోని రెజ్జో ఎమీలియా పట్టణంలో ఎలెత్రోనికా జొకాత్తోలి అనే సంస్థ ఫెరారీ 250 ఎల్.ఎం. కారు నమూనాను అసలు కారులో పన్నెండో వంతు సైజులో తయారు చేసి అమ్మింది. జనానికి అమ్మిన రేడియో కార్లలో మొదటిదిగా దీన్నే చెబుతారు. 1970ల తొలి ఏళ్ళలో మిథనాల్ కలిపిన ఇంధనంతో నడిచే ఇంజను కార్లు వచ్చాయి. పొగ, మోత, ఖర్చు. సామాన్యుడి ఇంటికి పనికివచ్చేవి కావు.

దీన్ని ఇళ్ళలోకి తెచ్చినది జపాన్‌లోని షిజుఓకా పట్టణం. పూర్వం అక్కడ ఆలయాలు కట్టడానికి వచ్చిన వడ్రంగులు స్థిరపడి చెక్కపనికి పేరు తెచ్చారట. మన కొండపల్లికి పొణికి కర్ర ఎలాగో అలాగన్నమాట. యోషియో టామియా 1946లో అక్కడ కోతమిల్లు పెట్టాడు. 1951లో మిల్లు తగలబడింది. తరువాత చెక్క నమూనాలు, 1960 నుంచి ప్లాస్టిక్ నమూనాలు. ఆయన కొడుకు షున్‌సాకు టామియా పోర్షే 934 కారు నమూనా కోసం ఏకంగా ఒక నిజమైన పోర్షే 911 కొని, ముక్కలు ముక్కలుగా విప్పి చూశాడు. నా వంటివాడు గెజిట్ నోటిఫికేషన్ కూడా అంత శ్రద్ధగా చదవలేదు. 1976లో ఆ నమూనాకే మోటారూ రేడియో అమర్చి అమ్మారు. బ్యాటరీతో నడుస్తుంది, పొగ లేదు, కొన్నవాడే బిగించుకోవాలి. 1979లో ఇసుకలోనూ మట్టిలోనూ పరుగెత్తే శాండ్ స్కార్చర్, రఫ్ రైడర్ వచ్చాయి. దానితో నున్నటి రోడ్డు అవసరం తీరిపోయింది, పెరటి మట్టి చాలు. 1984లో పిల్లలు కూడా బిగించగలిగేంత సులువుగా, తక్కువ ధరలో గ్రాస్‌హాపర్ వచ్చింది. అదే ఏడాది అమెరికాలో అసోసియేటెడ్ సంస్థ పందేల కోసం ఆర్.సి.10 అనే కారు తెచ్చింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగిన ప్రపంచ పోటీలో జే హాల్సీ దానితోనే గెలిచాడు.

అంటే నేను అటక ఎక్కించినది అప్పటికి రెండేళ్ళ వయసున్న, ప్రపంచమంతా పిల్లలు బిగిస్తున్న కారు.

ఇంకొకటి కూడా చదివాను, అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. 2005లో మన కేంద్ర ప్రభుత్వం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అవసరం లేదని నిబంధనలు ఇచ్చింది. మా ట్రాన్స్‌మిటర్‌లోని క్రిస్టల్ తీసి భూతద్దంతో చూశాను. 27.145 అని ఉంది. అప్పటికి నేనింకా సర్వీసులోనే ఉన్నాను. మా వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు.

2025 సంక్రాంతికి అబ్బాయి కుటుంబంతో హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు వరండాలో చాప పరిచి ముగ్గురం కూర్చున్నాం. కొత్తగా మొదలుపెట్టేవారికి పనికివస్తాయని కొన్ని అనుభవాలు చెబుతాను. టామియా వారి పుస్తకంలో ప్రతి మరనూ అసలు సైజులోనే అచ్చువేస్తారు, దాని మీద పెట్టి సరిచూసుకోవచ్చు. జపాన్ మరల తలగాడి వేరు. మన స్టార్ స్క్రూడ్రైవర్‌తో తిప్పి నేను రెండు మరల తలలు అరగదీశాను. జపాన్ కొలతది విడిగా దొరుకుతుంది. ప్లాస్టిక్‌లో మర బిగించేటప్పుడు ముందు కాస్త వెనక్కి తిప్పి, పాత గాడిలో పడినట్లు తెలిశాక బిగించాలి. పాత నికెల్-కాడ్మియం బ్యాటరీ తెల్లగా పూత పూసి చచ్చిపోయింది. చార్జరు అమెరికాది, 120 వోల్టులది, మన ప్లగ్గులో పెడితే పేలేదే. కొత్తగా 7.2 వోల్టుల నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, దానికి తగిన చార్జరు కొన్నాం. ఇప్పుడు లిథియం పాలిమర్ బ్యాటరీలు ఎక్కువ వాడుతున్నారు. శక్తి ఎక్కువే గాని వాటిని రాత్రంతా చార్జింగులో పెట్టి నిద్రపోకూడదు, అంటుకునే ప్రమాదముంది. మన వయసువారికి మొదటిదే మేలు. టైర్లు రాయిలా గట్టిపడ్డాయి. ఈ నమూనాను కంపెనీ మళ్ళీ అమ్ముతోంది గనుక అవే టైర్లు తెప్పించాం.

వెనక ఇరుసు బిగిస్తున్నప్పుడు చెప్పేశాను, ఆ రోజు దరఖాస్తు పెట్టలేదని. మా వాడు తల ఎత్తలేదు.

"తెలుసు నాన్నగారూ" అన్నాడు. "మీరు ఏ కాగితం పంపినా ఆఫీసు కాపీ ఉంచుతారుగా. ఏడో తరగతిలో మీ ఫైళ్ళన్నీ వెతికాను. దాని కాపీ లేదు. ఆ మూడు మిల్లీమీటర్ల మర ఇలా ఇవ్వండి."

ఇచ్చాను.

2.4 గిగాహెర్ట్జ్ కొత్త సెట్టు కొందామని మనవడు అన్నాడు. అందులో క్రిస్టళ్ళు ఉండవు, ఎన్ని కార్లు కలిసి తిరిగినా ఒకదాని ఆజ్ఞ మరొకటి వినదు. పాతకాలంలో ఇద్దరి దగ్గర ఒకే నంబరు క్రిస్టల్ ఉంటే ఒకరి చక్రం తిప్పితే రెండోవారి కారూ తిరిగేదట. అందుకే నంబరుకో రంగు జెండా పెట్టుకునేవారు, మాది పసుపు. మా ఇంట్లో ఉన్నది ఒకటే కారు గనుక పాతదే పెడదామన్నాను. ఎనిమిది పెన్సిల్ సెల్స్ వేసి, ఏరియల్ లాగి, ముందు ట్రాన్స్‌మిటర్, తరువాత కారు స్విచ్ వేశాం. ఈ వరుస తప్పకూడదు. ఆపేటప్పుడు ముందు కారు, తరువాత ట్రాన్స్‌మిటర్. లేకపోతే ఆజ్ఞ ఇచ్చేవారు లేక కారు తన ఇష్టం వచ్చినట్లు పోవచ్చు. ముందు చక్రాలు కుడికీ ఎడమకీ కదిలాయి.

కాలనీ చివర ఖాళీ స్థలంలో నడిపాం. కారు మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. నేను రెండుసార్లు తుప్పల్లోకి పంపాను. తరువాత అబ్బాయి తీసుకున్నాడు. గతుకులో పడ్డప్పుడల్లా వెనక భాగం మిడతలాగే ఎగురుతోంది. మనవడు "నాన్నా, ఇప్పుడు నాకు" అంటూ వెంటపడ్డాడు. "ఇంకొక్క రౌండు" అన్నాడు మా వాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. పదిహేను నిమిషాలకు బ్యాటరీ అయిపోయింది, మనవడి వంతు రాలేదు. రెండో బ్యాటరీ కొనాలి.