బజారులోని మిరపకాయ

మండపేట బజారులో మనము నిత్యము కొను మిరపకాయ మనదేశమున బుట్టినది కాదు. రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల నాశ్రయించిన శ్రీనాథుడు దాని రుచి యెఱుగడు. ఆ 15వ శతాబ్దిలో మనకు గారమనగా మిరియమే. మిరపకా పేరు మిరియమునుండియే కలిగినది.

మిరపను, రామములగను సాగుచేసి పెంపొందించినవారు మెక్సికో ప్రాంతపు ప్రాచీనులు. ‘టొమేటో’ యనునది వారి నహువాతుల్ భాషాపదమే.

1519లో స్పెయిను దండనాయకుడు కోర్టెసు అచ్చటి త్లతెలోల్కో సంతను జూచి, ప్రతిదినము 60,000 మందికి బైగా గూడుదురని తన రాజునకు వ్రాసెను. మన పెద్దలు కుంచముతో, మానికతో గొలిచినట్లే వారును సరకులను తూచక కొలిచియు, లెక్కించియు నమ్మెడివారు. సంతలో దిరుగు నధికారులు దొంగకొలతలను బగులగొట్టించెడివారు. కోకోగింజలు చిల్లరనాణెములుగా జెల్లెడివి.

1521లో స్పెయినువా రా నగరమును నేలమట్టము గావించిరి. అయినను అచ్చటి రైతుల విత్తనములు నశింపలేదు. ఆ శతాబ్దిలోనే పోర్చుగీసు ఓడలపై మిరప మన పడమటి తీరము జేరినది. నాటి నాణెమగు కోకో నేడు గోదావరి సీమ కొబ్బరితోటలలో నంతరపంటగా గాయుచున్నది.

కావున మిరపకాయలు కొనునపు డా పేరెఱుగని రైతులను దలంతము. అమ్మువారు వారి సంతధర్మమును దలచి నిండుగ గొలుతురు గాక!