ఒక యణా పొదుపు

గృహస్థునకుఁ గష్టకాలము వచ్చినప్పు డాతఁడు పట్టుబట్టలు మానుకొనును, విందులు తగ్గించుకొనును, బిడ్డల యన్నములోఁ గోతపెట్టుట కడపటి పని. పురపాలక సంఘములును, జిల్లా పరిషత్తులును గూడ నిట్లే నడుచుకొనునని మన మాశింతుము. కాని యాదాయవ్యయ పట్టికలో లోటు కనఁబడినంతనే పలుమాఱు కత్తెర పడునది పాఠశాల పద్దుమీఁదనే. దీనికిఁ గారణము లేకపోలేదు. వంతెన కూలిన నూరంతయుఁ జూచును. వీథిదీపము వెలుఁగకున్న మఱునాఁడే మొఱ వినఁబడును. బడి మానిన బాలుఁడు మాత్రము చప్పుడు చేయక కూలికిఁ బోవును. అట్టి పొదుపు ఫలమెట్టిదో తెలిసికొనుటకు చెన్నపట్టణపు చరిత్రలో నొక్క ఘట్టము చాలును.

స్థానిక ధనము బడులకుఁ జెందవలె నన్న యాలోచన క్రొత్తది కాదు. 1882లో హంటరుగారి యధ్యక్షతను నియమింపఁబడిన విద్యావిచారణ సంఘము, పురపాలక సంఘములును స్థానిక మండలులును పాఠశాలలకై ప్రత్యేకనిధి నుంచవలెననియు, విద్యకై తీసియుంచిన స్థానిక ధనముపైఁ బ్రాథమిక విద్యకే ప్రధానమగు హక్కు గలదనియు సూచించెను. ఇది యితర వ్యయముల ప్రవాహమున బడిసొమ్ము కొట్టుకొనిపోకుండ వేసిన కట్ట. 1920లో నేర్పడిన చెన్నరాజధాని ప్రాథమికవిద్యా శాసనము స్థానిక సంఘములకు విద్యాపన్ను విధించు నధికారము నొసఁగెను.

ఆ యేఁటనే, సెప్టెంబరు 16వ తేదీని, చెన్నపురి కార్పొరేషను మఱియొక కార్యమున కంగీకరించెను. అప్పుడు దాని యధ్యక్షుఁడు పిట్టి త్యాగరాయ శెట్టిగారు. థౌజండ్ లైట్సు పేటలోని కార్పొరేషను పాఠశాలయందు బాలురకుఁ బగటిపూట ఫలాహారము పెట్టుటయే యా కార్యము. తలకు దినమునకు నొక యణాకు మించి వ్యయము చేయరాదని కట్టడి. ఆఁకలిగొన్న బిడ్డకు గురువుగారి మాట చెవి కెక్కదన్న సంగతి తల్లులందఱు నెఱిఁగినదే. దానిని పద్దులో వ్రాసికొన్న సంఘము లంతకుమున్ను మిక్కిలి యరుదు. పిమ్మట నీ యేర్పాటు మఱి నాలుగు బడులకు వ్యాపించెను. 1922-23లో నా యైదు బడులలోఁ గలసి 811 మంది పిల్లలుండిరి. 1924-25 నాఁటికి వారి సంఖ్య 1,671 అయ్యెను. రెండేండ్లలో రెట్టింపుకంటె నెక్కువ!

అంతలో నడ్డంకి వచ్చెను. ప్రాథమికవిద్యా నిధినుండి ఫలాహారమునకు వ్యయము చేయఁగూడదని దొరతనమువారు నిషేధింపఁగా, 1925 ఏప్రిలు 1వ తేదీనుండి యా యేర్పాటు నిలిచిపోయెను. పిల్లల సంఖ్యయుఁ దగ్గెను. ఆ నవంబరులో నీ సంగతి సభ్యుల యెదుటికి రాఁగా, వేయిమంది బీదపిల్లలకు మరల నాహార మిచ్చుటకు వారు నిశ్చయించిరి.

చదువరు లిచ్చట నొక విషయమును గమనింపవలెను. ఏ బడియు నీ యుత్తరువువలన మూయఁబడలేదు. ఏ యుపాధ్యాయుని నుద్యోగమునుండి తొలఁగింపలేదు. చేసినదెల్ల పట్టికలో నొక పంక్తిని గొట్టివేయుటయే. విద్యానిధి విద్యకే చెందవలెనన్న నియమమును దొరతనమువారు నిలిపిరి, నియమము మంచిదే. కాని విద్య యనఁగా నేమి యని వా రడుగలేదు. పైరును గాపాడుటకు వేసిన కంచె, పైరునకు నీరు రానీయకున్న దాని ప్రయోజన మేమి?

లెక్కవలన నైనను నీ పొదుపు నిలువదు. సగము నిండిన గదికిఁ జెల్లించు నద్దెయు, నిండిన గదికిఁ జెల్లించు నద్దెయు నొక్కటే. పదుగురికిఁ జెప్పినను ముప్పదిమందికిఁ జెప్పినను గురువుగారి జీత మొక్కటే. ఒక యణా మిగిల్చి పిల్లవానిని దూరము చేసినచో, వానికై యంతకుమున్నే వెచ్చించిన రూపాయ వ్యర్థమగును. దీనిని పొదుపని యెట్లనఁగలము?

కాలము త్యాగరాయ శెట్టిగారి పక్షమునే తీర్పు చెప్పెను. 1956లో కామరాజుగారు మద్రాసు రాష్ట్రమున మధ్యాహ్నభోజనము నారంభించిరి. 2001లో సుప్రీము కోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని రాష్ట్రముల కాజ్ఞాపించెను. ఒకనాఁడు నిధికి భార మనిపించిన యణా, నేఁడు బిడ్డల హక్కైనది. కాని 1925లో బడి విడిచిన పిల్లలలో నెందఱి కీ తీర్పు పనికివచ్చెను? బాల్యము పై యేఁటి పట్టికకై కాచుకొని యుండదు.

1992లో జరిగిన రాజ్యాంగ సవరణలో, పంచాయతుల కప్పగింపఁదగిన విషయములలోఁ బ్రాథమిక మాధ్యమిక విద్యయు నొకటిగాఁ జేర్పఁబడెను. కావున స్థానిక సభలలోఁ గూర్చుండువారికి మా మనవి యిది: లోటు వచ్చినప్పుడు బడిపద్దును మొదటఁ గాక కడపటఁ దెఱవుఁడు. తగ్గింపవలసివచ్చినచో, దానివలన నెందఱు పిల్లలు బడికి రాకపోవుదురో ముందు లెక్కించి, యా సంఖ్యను పట్టికలోనే సభ యెదుట నుంచుఁడు. పౌరులారా! మీ యూరి పద్దు చర్చకు వచ్చునాఁడు సభకుఁ బోయి యా సంఖ్య నడుగుఁడు. బడి మానిన బాలుఁడు మొఱపెట్టఁడు. వాని పక్షమున నోరు విప్పవలసినది మనమే.