కొయ్య గరిటె కథ

తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో రాగిసంగటి కెలుకుటకు ఇనుప గరిటె పనికిరాదని ఏ ఇల్లాలినడిగినను చెప్పును. సంగటి గట్టిపడినకొలది దానిని అదిమి త్రిప్పవలెను. లోహపు పిడి వేడెక్కి చేయి కాలును, మట్టికుండయైనచో పగులును. అందుచేతనే సంగటికట్టె, పప్పుగుత్తి, తెడ్డు, కవ్వము, ఇవన్నియు కొయ్యవి. అబకకు కూడ చిప్ప కొబ్బరిదేయైనను పిడి కొయ్యదే.

వీనిని చేసినవారెవరు? పల్లెలో వడ్రంగికి నాగలి, బండి, ద్వారబంధము ముఖ్యములు. ఆ పనిలో మిగిలిన ముక్క తెడ్డుగా మారెడిది. కళ్ళములో కొలిచి ఇచ్చు మేరతోనే దాని కూలియు తీరిపోయెడిది. వెలలేని వస్తువు లెక్కలకెక్కదు. 1514లో ఉదయగిరిని జయించి తిరుమలకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు ముప్పదివేల బంగారు నాణెములతో స్వామికి కనకాభిషేకము చేయించిన సంగతి శాసనములలో నిలిచినది. గరిటెను ఎవరు లెక్కింతురు?

ఒక్క యజ్ఞశాలలో మాత్రము కొయ్య గరిటెకు గౌరవము దక్కినది. స్రువము చండ్రకొయ్యతోను, జుహువు మోదుగతోను, ఉపభృత్తు రావితోను చేయవలెనని శ్రౌతసూత్రములు విధించినవి. కాత్యాయనుని సూత్రములు ఇంకను ముందుకు పోయి కొలతలు చెప్పినవి. స్రువము మూరెడు పొడవు, దాని గుంట బొటనవ్రేలి కణుపంత. జుహువు మొదలైన స్రుక్కులు బారెడు చేయంత, వాని గుంట అరచేయంత, నేయి జారు ముఖము హంసముక్కువలె ఉండవలెను. మరియొక నియమము మాకు మిక్కిలి నచ్చినది: గుంటను బెరడువైపున తొలువవలెను, పిడి చెట్టు మొదలువైపునకు రావలెను. దీనిని మంత్రమని కొందరందురు గాని, కత్తి పట్టినవాడు చెప్పిన మాటగనే మాకు తోచును. కొమ్మ నడుమ బెండును వదలినచో ఎండునప్పుడు చీలును గదా!

గరిటెలో కష్టమంతయు ఆ గుంటలోనే యున్నది. బాడిసతో వెలుపలి రూపము త్వరగా దిగును. పిడిని కత్తితో చివ్వవచ్చును. కాని గుంట తొలుచునప్పుడు ఉలి ఒక వైపున నారవెంట దిగి, రెండవ వైపున నారకు ఎదురు పోవును. అచ్చట చేయి తొందరపడినచో పెచ్చు లేచిపోవును. కనుక పనివారు రెండు అంచులనుండియు నడిమికి తొలుతురు. పచ్చికొయ్య మెత్తగా తెగును, ఎండినది నునుపు నిలుపుకొనును.

ఇక కొయ్య సంగతి. శేషాచలము, వెలికొండలు మొదలగు తూర్పుకనుమల దక్షిణభాగపు కొండలలో పెరుగు ఎఱ్ఱచందనము లోకమున మరెచ్చటను సహజముగా పెరుగదు. తిరుపతిలో దానితో చెక్కిన దంపతుల బొమ్మలు, అనగా మరపాచి బొమ్మలు, పెండ్లికూతురితో అత్తవారింటికి వెళ్ళెడివి, నవరాత్రులలో కొలువుతీరెడివి. 1995లో ఈ వృక్షము అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికకెక్కినది. దొంగరవాణాను అరికట్టుట న్యాయమే. అయితే దుంగలు దొంగిలించువానికి వేసిన సంకెల చేతెడు ముక్క కోరు శిల్పి చేతులకును తగిలినది. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో కొయ్య దేవతామూర్తులు చెక్కువారు ఇతర వృక్షముల వైపు మరలిరి.

గరిటెనే జీవనాధారము చేసికొన్న ఊరు మాత్రము రాయలు జయించిన ఆ ఉదయగిరియే. నెల్లూరు సీమలో, కోట క్రింద, ఇండ్లలో కూర్చుండి స్త్రీలు పెక్కుమంది చెంచాలు, గరిటెలు, ముండ్ల చెంచాలు చెక్కుచున్నారు. నర్ది, బిక్కి, కల్ది మొదలగు కొయ్యలు చుట్టుప్రక్కల కొండలనుండి వచ్చును. చేతితో భుజించు మన ఇండ్లకు ముండ్ల చెంచా ఎందుకని వినువారడుగవచ్చును; కొనువారు దూరపు నగరములవారు. వంట ముగించి, పిల్లలను బడికి పంపి, మిగిలిన పూటలో చేయు పని యిది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టముననుసరించి 2010వ దశకములో ఉదయగిరి కొయ్య చెంచాలు నమోదయినవి.

ఆ నమోదు పేరును కాపాడును, కొయ్యను తెచ్చిపెట్టదు. చెంచాకు వలసినది కొమ్మయే గాని మాను కాదు. ఏ కొమ్మను, ఏ ఋతువున, ఎంత నరికిన చెట్టు తిరిగి చిగురించునో కొండనెరిగినవారికి తెలియును. వారిని అడవి శాఖవారు ఒకచో కూర్చుండబెట్టి అడిగినచో, ఉలి పట్టిన ఆ ఆడువారికి వచ్చే ఏటి పని దొరకును.