శ్రీగంధమునకు పట్టిన తెగులు

పెండ్లికి, పేరంటమునకు, దేవతార్చనకు గంధము లేనిదే మనకు జరుగదు. అట్టి గంధమునిచ్చు వృక్షమునకు నూరేండ్లకు పైబడి యొక తెగులు శత్రువై యున్నదని యెరిగినవారు కొలదిమంది.

1899లో కొడగు అడవులలో ఈ తెగులును మొదట గుర్తించిరి. తెగులు సోకిన చెట్టున ఆకులు నానాటికి చిన్నవై, కొమ్మలపై మేకులవలె బిరుసుగా నిలుచును. పూత, కాపు ఉడుగును. రెండు మూడేండ్లలో చెట్టు మోడగును. 1903 మొదలు 1916 వరకు కొడగు, మైసూరు సీమలలో సుమారు పది లక్షల చెట్లను తొలగింపవలసి వచ్చెను.

కారణమును గూర్చి పలు వాదములు చెలరేగెను. రోగపు కొమ్మను మంచి చెట్టునకు అంటుకట్టినచో తెగులు సోకునని 1917లో మైసూరు వ్యవసాయశాఖకు చెందిన కోల్‌మన్ పండితుడు నిరూపించెను. చిరకాలము దీనిని వైరస్ అనుకొనిరి. 1969లో సూక్ష్మదర్శినులు అసలు దోషిని పట్టియిచ్చెను. అది ఆకు రసమును మోయు నాళములలో వసించు, కణకవచము లేని అతిసూక్ష్మజీవి. నేడు దానిని ఫైటోప్లాస్మా అందురు. రసము పీల్చు పురుగులు దానిని చెట్టునుండి చెట్టునకు చేర్చును. టెట్రాసైక్లిన్ మందు నెక్కించిన చెట్టు కొన్నాళ్లు చిగిర్చును గాని, రోగము మరల తలయెత్తును.

మందు లేని రోగమునకు కాపలాయే మందు. ఆ కాపలా యెవరిది? 1792లో టిప్పు సుల్తాను గంధమును రాజవృక్షముగా ప్రకటించెను. తరువాతి ప్రభుత్వములును ఆ పద్ధతినే సాగించెను. తన చేనిలో మొలచినను తనది కాని చెట్టును రైతు యేల కనిపెట్టి యుండును? కర్ణాటకము 2001లో, తమిళనాడు 2002లో చట్టమును సవరించి భూస్వామికి చెట్టుపై హక్కు కల్పించెను. అప్పటికే, 1998లో, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము గంధమును ఆపదకు లోనగు జాతులలో చేర్చియుండెను.

నేడు మన తెలుగు రైతులును గంధపు తోటలు వేయుచున్నారు. ఇది ఇతర మొక్కల వేళ్లనుండి ఆహారము గైకొను చెట్టు గనుక, నారుమడిలో కందిమొక్కను తోడుంచుట అందరెరిగినదే. అంతటితో చాలదు. ఆరోగ్యమైన చెట్ల విత్తనముతో పెంచిన నారునే కొనవలెను. ఆకు చిన్నబోయిన కొమ్మ కానవచ్చిన తక్షణమే అటవీశాఖవారికి తెలిపి, వారు నిర్ధారించినచో ఆ చెట్టును తీసివేయవలెను. ఒక్క చెట్టుపై మమకారము తోటకంతటికి చేటు తెచ్చును. చెట్టుపై హక్కు దక్కిన రైతునకు దానిని కాచు బాధ్యతయు దక్కినది.