సున్నం, సుర్ఖీ, సబర్

'మరమ్మతు' అరబ్బీ మాట. 'పునాది' ఫార్సీ 'బునియాద్'. 'గచ్చు' కూడా ఫార్సీ నుంచి వచ్చిందే. దర్వాజా, కమాను, బురుజుల సంగతి చెప్పనక్కర్లేదు. 'ఇటుక' సంస్కృతం దారిన వచ్చింది. 'మేస్త్రి' పోర్చుగీసు వాళ్లు వదిలివెళ్లిన మాట. 'దూలం', 'మిద్దె' అచ్చంగా మనవి. చిత్తూరులో మా దాదా కట్టించిన ఇంటికి ఈ చలికాలమంతా మరమ్మతు చేయిస్తూ ఈ మాటలన్నీ రోజూ విన్నాను. మా మేస్త్రికి ఉర్దూ రాదు. కానీ ఆయన నోట వచ్చే మాటల్లో చాలావాటిని నేను ఉర్దూ మీడియం స్కూల్లోనే నేర్చుకున్నాను.

మాది మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద ఇటుకల్ని ఏటవాలు వరసల్లో నిలబెట్టి, సున్నంతో అతికి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పోసి కట్టారు. ఆ జమానాలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. దాన్నే కూల్చేద్దామన్నారు భాయీజాన్. "స్లాబ్ వేసుకుంటే పిల్లలకు పనికొస్తుంది. మన తర్వాత ఈ దూలాల్ని ఎవరు చూస్తారు?" అన్నారు. ఆయన మాటలోనూ ఇన్సాఫ్ ఉంది. కానీ అబ్బా పోయాక విరాసత్‌లో ఎనిమిదో వంతు అమ్మీది. మిగిలింది ఐదు భాగాలైతే మా అన్నదమ్ములకు రెండేసి, ఆపాకు ఒకటి. అందరూ ఒప్పుకోకుండా ఒక్క ఇటుకైనా తీయకూడదు. అమ్మీ, ఆపా ఇద్దరూ మరమ్మతే అన్నారు.

మరి చలికాలమే ఎందుకు? సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలిన సున్నంలో నీళ్లు పోస్తే కుతకుతలాడి విచ్చుకుంటుంది. గోడకెక్కాక గాలిలోని అదే వాయువును మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. అందుకు తడి ఉండాలి, టైమూ ఉండాలి. మన మే నెల ఎండకు పూత రాయి కాకముందే ఎండి పగులుతుంది. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు కడిగేస్తాయి. ఆ వానలు వెనక్కి తగ్గాక, ఎండలు ముదరక ముందు దొరికే కొద్ది వారాలే సున్నానికి మౌసమ్. గోడలకు తడి గోనెపట్టాలు కట్టి సబర్ చేయాలి.

ఆ సున్నంలో కలిపే ఇటుక పొడే సుర్ఖీ. 'సుర్ఖ్' అంటే ఎరుపు. బాగా కాలిన ఇటుక పొడి సున్నంతో కలిస్తే తడిలోనూ గట్టిపడుతుంది. రోమన్లు అగ్నిపర్వతం బూడిదతో సాధించింది ఇదే. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ తీసుకున్నది 1824లో మాత్రమే. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక ఇటుకనే తినేస్తుంది. మా బావర్చీఖానా గోడ అలాగే ఉప్పుదేలి పొడిపొడిగా రాలింది. సిమెంటు గీకించేసి సున్నం పూయించాం.

నమ్మకం కుదరక భాయీజాన్ రుజువు అడిగితే చంద్రగిరికి తీసుకెళ్లాను. విజయనగర రాజుల రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప కలప వాడలేదు. కమానులు ముసల్మాను పద్ధతివి, పైన గోపురాలు హిందూ పద్ధతివి. రాజుగారికి ఈ కలయిక ఐబ్‌గా అనిపించలేదు. నిన్నమొన్నటి దాకా మన జిల్లాలోనే ఉన్న గుర్రంకొండలో రంగీన్ మహల్ కూడా ఉంది.

"మీరు ఎక్కడి నుంచి వచ్చారు?" అని మన పిల్లల్ని అడిగేవాళ్లున్నారు. చిత్తూరు సీమ 1801లో ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్లే దాకా ఆర్కాటు నవాబులది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట డేరాలోనే. కొడుకు టిప్పు మలబారు నుంచి వచ్చే దాకా ఫౌజుకు ఆ ఖబర్ తెలియనివ్వలేదు. అదీ ఒక చలికాలమే. అలాంటి లష్కర్ల వెంట, నవాబుల కొలువుల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్లున్నారు. అంతకు ముందు నుంచే ఈ మట్టిలో ఉన్నవాళ్లూ ఉన్నారు. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. ఆ అడిగేవాళ్ల ఇంటికీ పునాది ఉంటుంది కదా!

రెండు దూలాలు పుచ్చితే మార్చాం. మిగిలినవి గట్టిగానే ఉన్నాయి. దాలాన్‌లోని తాఖ్‌లో దాదా చేతిరాతతో ఉర్దూలో ఖర్చుల కాగితాలు దొరికాయి. సున్నం బండ్ల లెక్క మాత్రం తెలుగులో ఉంది. వాటికి ఫొటోలు తీసి ఆపాకు, భాయీజాన్‌కు పంపాను.

మీ పాత ఇల్లు నిలపాలో, కూల్చాలో మీ హాలత్‌ను బట్టి మీరే తేల్చుకోండి. కూల్చక తప్పకపోతే ముందు తాఖ్‌లు, సందూక్‌లు వెతకండి. ఇంటి పెద్దల దగ్గర కూర్చుని ఏ గది ఎవరు కట్టించారో రాసుకోండి. గోడ పోయినా ఆ కాగితం ఉంటుంది.