కారుకు వ్యాక్స్ కొంటున్నారా? సిలికాన్ ఉందేమో చూసుకోండి!

నల్గొండ జిల్లాలో 65వ, మహబూబ్‌నగర్ జిల్లాలో 44వ నంబర్ జాతీయ రహదారులపై తిరిగే కార్లకు ఎండతో పాటు ఎగిరొచ్చే కంకర రాళ్ల బెడదా ఉంటుంది. మెరుపు కోసం వ్యాక్స్ వేయిస్తే సరే.. కానీ రేపు పెయింట్ లేచి టచప్ చేయించాల్సి వస్తే?

కొన్ని వ్యాక్స్‌లలో సిలికాన్ ఉంటుంది. అది కాస్త మిగిలినా కొత్త పెయింట్ అక్కడ పరుచుకోదు, చిన్న చిన్న గుంతలు పడతాయి. వీటినే ‘ఫిష్ ఐ’ అంటారు. అప్పుడు రుద్ది మళ్లీ పెయింట్ కొట్టాల్సిందే.

బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా సహజ వ్యాక్సే అయినా, డబ్బాలో సిలికాన్ కలిసి ఉండొచ్చు. ‘సిలికాన్ ఫ్రీ’ అని ఉన్నదే మేలు.

ఇప్పటికే వేసేశారా? పెయింటర్‌కు ముందే చెప్పండి. వాటర్ పేపర్‌తో రుద్దకముందే వ్యాక్స్ రిమూవర్‌తో తుడిపించాలి. లేదంటే సిలికాన్ గీతల్లోకి దిగిపోతుంది.